అక్షరాలతో ఆడే ఆటలు
గ్రాఫిక్స్ లేని, అక్షరాలతోనే నడిచే కంప్యూటర్ ఆటల కాలం అయిపోయిందని ఒక వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, తర్వాత రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకెళ్లిన మడ్ (MUD) అనే, చాలామంది ఒకేసారి కలిసి ఆడే ఆటలో అన్నీ అక్షరాలే, ఉత్తరానికి వెళ్లమని టైప్ చేస్తే ఎదురుగా ఏముందో మాటల్లో వచ్చేది, అదే గదిలో ఉన్న ఇంకో మనిషి మాటలూ అక్కడే కనిపించేవి. చాట్ రూముల్లో క్విజ్ బాట్ (తనంతట తానే ప్రశ్నలడిగే ప్రోగ్రామ్) ప్రశ్న వేయగానే జవాబు ఎవరు ముందు కొడతారా అన్న టెన్షన్ నాకింకా గుర్తుంది.

అన్నిటికన్నా నాకిష్టం మాఫియా, అంటే గుంపులో రహస్యంగా కలిసిపోయిన మాఫియావాళ్లెవరో మిగతావాళ్లు కనిపెట్టే ఆట. చాట్‌లో ఆడితే ముఖం కనపడదు, గొంతు వినపడదు, అబద్ధం చెప్పేవాణ్ని రాసిన తీరును బట్టే పట్టుకోవాలి (గలగలా రాసేవాడు ఒక్కసారిగా ఆచితూచి రాస్తే నాకు అనుమానమే). పైగా చూపు లేనివాళ్లు కూడా తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో అందరితో కలిసి ఆడగలరు, ఆ వ్యాసంలో ఈ సంగతి ఒక్క ముక్కైనా రాయాల్సింది.