జబ్బుతో కాపురం

దీర్ఘకాలిక వ్యాధి ఉన్న మనిషి డాక్టరు ఎదుట కూర్చునేది ఏడాది మొత్తం మీద కొన్ని గంటలే. మిగతా కాలమంతా జబ్బుతో కాపురం. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతే చొక్కా గుండీలు ఎలా పెట్టుకోవాలి, కొత్త మందు మొదలుపెట్టాక వచ్చే వికారం ఎన్నాళ్లుంటుంది, ‘‘చూడ్డానికి బాగానే ఉన్నావుగా’’ అనే చుట్టానికి ఏం చెప్పాలి... ఇవేవీ మందుల చీటీలో ఉండవు. వీటికి ఇప్పుడు జవాబు దొరుకుతున్నది ఆన్‌లైన్‌లోని రోగుల గ్రూపుల్లో. లక్షమందిలో ఒకరికి వచ్చే జబ్బయితే, తనలాంటి మరో మనిషి మొదటిసారి తారసపడేదీ అక్కడే.

వీటిని ఓదార్పు కబుర్ల కింద కొట్టిపారేసే అలవాటు వైద్యరంగానికి ఇంకా పూర్తిగా పోలేదు. 2020లో కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి ఆయాసం, నీరసం వదలని చాలామంది ‘‘అంతా టెన్షన్ వల్లే’’ అన్న మాట విని ఇంటికొచ్చారు. దానికి లాంగ్ కోవిడ్ అని పేరు పెట్టుకున్నది రోగులే. వారిలో కొందరు పరిశోధకులై 56 దేశాల్లోని 3,762 మందిని అడిగి సేకరించిన లక్షణాలు 2021లో వైద్య పత్రికకెక్కాయి. ఆ జబ్బుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం వచ్చింది ఆ తర్వాతే, ఆ ఏడాది అక్టోబరులో.

మాకు అంతకంటే ఎక్కువగా నచ్చే ఉదాహరణ మాత్రం ఒక నిరాశ కథ. కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే ఏఎల్ఎస్ వ్యాధిని లిథియం నెమ్మదింపజేస్తుందని 2008లో ఇటలీ నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. పేషెంట్స్‌లైక్‌మీ అనే ఆన్‌లైన్ వేదికలో ఉన్న రోగులు కొందరు ఆ మందు మొదలుపెట్టారు. ఊరికే మింగి కూర్చోలేదు. మోతాదు ఎంత, నడక ఎంత తగ్గింది, మాట ఎలా ఉంది అన్నీ నమోదు చేస్తూ పోయారు. మందు వాడిన 149 మందిని వాడనివారితో పోల్చి చూస్తే తేడా ఏమీ కనిపించలేదు. 2011లో ఆ ఫలితం అచ్చయింది. ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్స్ కూడా అదే చెప్పాయి. పెట్టుకున్న ఆశను తామే లెక్కకట్టి వదులుకున్నారు. ఓదార్పు కబుర్లతో అయ్యే పనేనా ఇది?

అన్ని గ్రూపులూ ఇలా ఉండవు, నిజమే. ఇన్సులిన్ మానేయమనే మహానుభావులు, పొడి డబ్బాలు అమ్ముకునే ‘మాజీ రోగులు’ సందు దొరికితే దూరుతారు. వాళ్లను పసిగట్టి బయటికి పంపేది జీతంలేని అడ్మిన్. చాలాసార్లు ఆ అడ్మిన్‌కీ అదే జబ్బు. నిన్న తనకు ధైర్యం చెప్పిన సభ్యుడి మరణవార్తను ఇవాళ తానే పోస్టు చేయాలి. ఒంట్లో బాగాలేక రెండు రోజులు పక్కకు తప్పుకుంటే చాలు, నకిలీ మందు ప్రకటన వచ్చి కూర్చుంటుంది. పైగా ఏళ్లతరబడి కూడబెట్టిన అనుభవమంతా ఏదో కంపెనీ సర్వర్లలో ఉంటుంది. రేపు ఆ కంపెనీ దుకాణం కట్టేస్తే అంతా పోయినట్టే.

సర్వేకి మనుషులు కావలసినప్పుడల్లా ఈ గ్రూపుల తలుపు తట్టే పరిశోధకులు తమ బడ్జెట్‌లో అడ్మిన్ల పనికీ ఒక పద్దు రాయాలి. మందులపై సందేహం వస్తే పలికే ఒక నర్సునో ఫార్మసిస్టునో ఆసుపత్రులు పెద్ద గ్రూపులకు అప్పగించవచ్చు. అక్కడ పంచుకున్న ఆరోగ్య వివరాలకు ఆసుపత్రి రికార్డుకున్నంత రక్షణ చట్టంలో ఉండాలి. ఇక డాక్టర్లు, ‘‘గ్రూపులో చదివానండీ’’ అని రోగి అనగానే మొహం చిట్లించకుండా, ఏం చదివారో అడగాలి. చెప్పకుండా మానేసిన మాత్ర సంగతి అప్పుడైనా బయటికొస్తుంది.