చేతులు మారిన కారు, చేతులు మారని వాగ్దానం

2020 ఫిబ్రవరిలో అమెరికాలో బయటపడిన ఒక ఉదంతాన్ని పాత విద్యుత్ కారు కొనాలనుకునేవారందరూ తెలుసుకోవాలి. టెస్లా కంపెనీ వేలంలో అమ్మిన ఒక మోడల్ ఎస్ కారును ఒక డీలరు కొన్నాడు. అందులో ‘ఎన్‌హాన్స్‌డ్ ఆటోపైలట్’, ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’ అనే, కారును కొంతవరకు తానే నడిపించుకునేలా చేసే రెండు సౌకర్యాలు ఉన్నట్లు కాగితాల్లో స్పష్టంగా ఉంది. తీరా ఆ డీలరు దగ్గర కొన్న వ్యక్తి చేతికి బండి వచ్చేసరికి ఆ రెండూ లేవు. ఎవరూ బానెట్ తెరవలేదు, ఒక్క మర కూడా విప్పలేదు. ఎక్కడో ఉన్న సర్వరు నుంచే వాటిని తొలగించారు. వాటికి మీరు డబ్బు చెల్లించలేదు కదా అన్నది కంపెనీ ఇచ్చిన జవాబు. విషయం పత్రికలకెక్కాక, సమాచార లోపం వల్ల అలా జరిగిందని చెప్పి వాటిని తిరిగి ఇచ్చింది.

ఆ వ్యక్తి గోడు పత్రికల దాకా వెళ్లింది కాబట్టి అతనికి న్యాయం దొరికింది. కానీ ఆ ఉదంతం లేవనెత్తిన ప్రశ్న అలాగే మిగిలిపోయింది. పాత కారు బేరంలో ఇంతకాలం ఇద్దరే ఉండేవారు, అమ్మేవారు, కొనేవారు. తాళాలు చేతికందితే బండిలోని ప్రతి భాగమూ కొన్నవారి సొంతం. సెల్ఫ్ డ్రైవింగ్ పేరుతో అమ్ముడైన కారు విషయంలో మాత్రం ఆ బేరంలో కనిపించని మూడో మనిషిగా తయారీదారు కూర్చుని ఉంటాడు. కెమెరాలు, కంప్యూటరు, బ్యాటరీ మనవే అవుతాయి. వాటిని పనిచేయించే అనుమతి మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. పైగా మొదటి యజమానికి అతను ఇచ్చిన మాట రెండో యజమానికి ఇచ్చినది కాదు. అందుకే పాత విద్యుత్ కారును దాని బ్యాటరీ, బాడీ, నడక చూసి వెలకట్టాలే తప్ప, ఏదో ఒక రోజు అదే తనంతట తాను నడుస్తుందన్న ఆశకు చిల్లిగవ్వ కూడా అదనంగా ఇవ్వకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి. వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్ఏఈ 2014లో విడుదల చేసిన వర్గీకరణ ప్రకారం సున్నా నుంచి ఐదు వరకు ఆరు స్థాయిలున్నాయి. వ్యక్తులు కొనుక్కోగల కార్లలో ‘సెల్ఫ్ డ్రైవింగ్’ అని పిలిపించుకునేవి దాదాపు అన్నీ రెండో స్థాయికి చెందినవే. అంటే స్టీరింగు, వేగం కారు చూసుకుంటుంది. రోడ్డును మాత్రం మనిషి క్షణం కూడా వదలకుండా చూస్తూ ఉండాలి, ప్రమాదం జరిగితే బాధ్యత ప్రధానంగా మనిషిదే. టెస్లా కూడా 2024లో తన సౌకర్యం పేరు చివర ‘సూపర్‌వైజ్డ్’ అన్న మాట చేర్చి ఈ సంగతి ఒప్పుకుంది. మూడో స్థాయికి, అంటే నిర్ణీత పరిస్థితుల్లో మనిషి రోడ్డు మీద నుంచి చూపు తిప్పుకోగల స్థాయికి, చేరినవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. మెర్సిడెస్ ‘డ్రైవ్ పైలట్’కు 2021 డిసెంబరులో జర్మనీ అనుమతి ఇచ్చింది. ఎస్ క్లాస్‌లోనూ, విద్యుత్ కారు ఈక్యూఎస్‌లోనూ వచ్చిన ఆ వ్యవస్థ మొదట్లో గంటకు 60 కిలోమీటర్ల లోపు వేగంతో, అదీ మోటార్‌వే మీద రద్దీ ఉన్నప్పుడు మాత్రమే పనిచేసేది. ఒక దేశంలో ఉన్న అనుమతి అన్ని దేశాల్లోనూ చెల్లదు గనుక, అలాంటి కారు సరిహద్దు దాటి వచ్చి అమ్మకానికి నిలబడితే అందులోని మూడో స్థాయి కాగితం మీదే ఉండిపోవచ్చు.

అసలు చిక్కు పరికరాల దగ్గర మొదలవుతుంది. మామూలు కారులో మోడలు, తయారైన సంవత్సరం తెలిస్తే చాలావరకు దాని గుట్టు తెలిసినట్టే. ఈ కార్లలో అలా కాదు. టెస్లా 2014లో తెచ్చిన తొలి ఆటోపైలట్ మొబిల్ఐ అనే సంస్థ చిప్‌తో నడిచేది; 2016లో ఆ రెండు సంస్థలూ విడిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో, ఇకపై తమ కర్మాగారం నుంచి వచ్చే ప్రతి కారులోనూ పూర్తి స్వయంచాలనకు కావలసిన పరికరాలన్నీ ఉంటాయని టెస్లా ప్రకటించింది. ఆ మాట నమ్మి ఎందరో ముందుగానే డబ్బు కట్టారు. 2019లో మూడో తరం కంప్యూటరు వచ్చింది, పాతవి చాలవని తేలింది, డబ్బు కట్టినవారికి ఉచితంగా మార్చి ఇచ్చారు. 2023లో నాలుగో తరం వచ్చింది. 2025 జనవరిలో ఎలాన్ మస్క్ స్వయంగా, ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ కొన్నవారి మూడో తరం కంప్యూటర్లను కూడా మార్చవలసి వస్తుందని అంగీకరించాడు. ఈ మధ్యలో 2021 మే నుంచి ఉత్తర అమెరికాలో మోడల్ 3, మోడల్ వై కార్ల నుంచి రాడార్‌ను తీసేశారు, 2022 అక్టోబరు నుంచి పార్కింగులో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్లు కూడా తీసేయడం మొదలుపెట్టారు. కాబట్టి ఒకే ఏడాది తయారై, ఒకే రంగులో పక్కపక్కన నిలబడిన రెండు కార్లలో ఒకటి చేసే పని రెండోది చేయకపోవచ్చు. బయటి నుంచి చూసి చెప్పడం కష్టం. కారు తెర మీద సాఫ్ట్‌వేర్ పేజీలోకి వెళ్లి, వాహనం అదనపు వివరాలు తెరిస్తే ఏ కంప్యూటరు ఉందో కనిపిస్తుంది. అమ్మే వ్యక్తి నోటిమాట కన్నా ఆ ఒక్క పేజీ ఎక్కువ విలువైనది.

పరికరాలు ఉన్నాయని తేలినా, వాటి మీద హక్కు ఎవరిదన్నది వేరే లెక్క. ఒకేసారి డబ్బు కట్టి కొన్న సౌకర్యం కొన్నిచోట్ల కారుతో పాటు వస్తుంది. నెలవారీ చందాతో తీసుకున్నదైతే అమ్మినవారి ఖాతాతోనే పోతుంది. టెస్లా 2021 జులైలో చందా పద్ధతి తెచ్చింది గనుక, పరీక్షగా నడిపిన రోజున చక్కగా పనిచేసిన సౌకర్యం కొన్న వారం తర్వాత మాయమైతే అందులో మోసమేమీ లేకపోవచ్చు. చందా గడువు ముగిసి ఉంటుంది, అంతే. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. 2023లో కొన్ని నెలల పాటు, పాత కారు మీద కొన్న ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్‌ను కొత్త కారుకు బదిలీ చేసుకునే అవకాశం టెస్లా ఇచ్చింది. అలా బదిలీ అయిన పాత కారుకు కొన్నప్పటి రసీదు ఉంటుంది, సౌకర్యం ఉండదు. రసీదు చూసి మోసపోవద్దని ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఇక ఆ సౌకర్యం ధర అమెరికాలో 2022 సెప్టెంబరులో 15,000 డాలర్లు ఉండగా, 2024 ఏప్రిల్ నాటికి 8,000 డాలర్లకు దిగింది. ఎక్కువ ధరకు కొన్న యజమాని ఆ మొత్తాన్ని పాత కారు ధరలో రాబట్టుకోవాలని చూడటం సహజమే; అంత ఇవ్వవలసిన అవసరం మాత్రం కొనేవారికి లేదు. జనరల్ మోటార్స్ ‘సూపర్ క్రూజ్’ వంటివాటికి ఇంకో పరిమితి ఉంది. కంపెనీ ముందుగా లేజర్ కొలతలతో పటం గీసుకున్న రోడ్ల మీదే అవి పనిచేస్తాయి, నిర్ణీత గడువు తీరాక చందా కట్టకపోతే ఆగిపోతాయి.

కంపెనీయే మూతపడితే? ఇది ఊహించి భయపెట్టే మాట కాదు. ఓషన్ అనే విద్యుత్ కారును తయారుచేసిన ఫిస్కర్ 2024 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. అప్పటికే రోడ్డెక్కిన వేలాది కార్లకు ఇకపై సాఫ్ట్‌వేర్ ఎవరు పంపుతారు, విడిభాగాలు ఎవరిస్తారు అన్న దిక్కుతోచని స్థితి ఏర్పడింది. పెట్రోలు కారు తయారుచేసిన సంస్థ మూతపడినా మెకానిక్కులు ఆ కారును ఏళ్ల తరబడి నడిపించగలరు. సర్వరుతో ముడిపడిన కారుకు ఆ భరోసా లేదు. చవకగా దొరుకుతోందని చిన్న సంస్థ కారు కొనేముందు ఆ సంస్థ ఆర్థిక స్థితిని కూడా చూడవలసిన రోజులివి.

ఈ చర్చలో ఎక్కువగా మరుగున పడేది, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది మరొకటుంది. కొత్త కారు కొన్నవారికి ఎంతో కొంత పరిచయం జరుగుతుంది. షోరూములో ఎవరో ఒకరు చూపిస్తారు, వ్యవస్థ ఒక్కో మెట్టూ మారుతుంటే దానితో పాటు వాళ్లూ అలవాటు పడతారు. ఏ మలుపులో అది తడబడుతుందో, ఎండ ఎదురుగా పడినప్పుడు ఏం చేస్తుందో, కారణం లేకుండా ఎప్పుడు బ్రేకు వేస్తుందో ఏళ్ల అనుభవంతో వాళ్లకు తెలిసి ఉంటుంది. రెండో యజమానికి ఆ జ్ఞానంలో ఇసుమంత కూడా అందదు. తాళం చేతికొచ్చిన రోజే పూర్తి సామర్థ్యంతో ఉన్న వ్యవస్థ అతని ముందుంటుంది, దాని బలహీనతల పట్టిక మాత్రం ఉండదు.

దీని పర్యవసానం ప్రాణాంతకం కావచ్చని అధికారిక పరిశీలనలే చెబుతున్నాయి. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ ఆటోపైలట్ మీద ఏళ్ల తరబడి సాగించిన దర్యాప్తును 2024 ఏప్రిల్‌లో ముగిస్తూ, ప్రాణనష్టం జరిగిన 13 ప్రమాదాల్లో డ్రైవర్లు ఆ వ్యవస్థను వాడకూడని విధంగా వాడటం ఒక కారణంగా కనిపిస్తోందని తేల్చింది. అంతకు ముందు, 2023 డిసెంబరులో, డ్రైవరు శ్రద్ధను కనిపెట్టే ఏర్పాటు సరిపోదన్న కారణంతో 20 లక్షలకు పైగా కార్లను టెస్లా రీకాల్ చేయవలసి వచ్చింది. ఈ లోపం ఒక్క కంపెనీది కాదు. బీమా సంస్థల నిధులతో నడిచే ఐఐహెచ్ఎస్ 2024 మార్చిలో వివిధ కంపెనీలకు చెందిన 14 వ్యవస్థలను ఇదే విషయంలో పరీక్షిస్తే 11 నాసిరకంగా తేలాయి, సంతృప్తికరం అనిపించుకున్నది ఒక్కటే. 2019లో ఫ్లోరిడాలో జరిగిన ఒక ప్రాణాంతక ప్రమాదం కేసులో 2025 ఆగస్టులో జ్యూరీ టెస్లాకు 33 శాతం బాధ్యత అంటగట్టి, సుమారు 24.3 కోట్ల డాలర్లు చెల్లించాలన్నది. కంపెనీల బాధ్యత గుర్తించిన తీర్పుగా అది చరిత్రాత్మకమే. కానీ మిగిలిన మూడింట రెండు వంతుల తప్పు, కింద పడిన ఫోను కోసం వంగిన డ్రైవరుదేనని కూడా అదే జ్యూరీ అన్నది. రెండో యజమాని గుర్తుంచుకోవలసింది ఆ రెండో భాగాన్ని.

పాత కారుకు గతంలో దెబ్బ తగిలిందా అన్న మామూలు ప్రశ్న కూడా ఇక్కడ కొత్త బరువు సంతరించుకుంటుంది. ముందు అద్దం పైభాగంలోనే ప్రధాన కెమెరాలుంటాయి. అద్దం మారిస్తే వాటిని తిరిగి సరిచూసి అమర్చాలి. చాలా కార్లలో రాడార్ బంపరు వెనకాలే ఉంటుంది. ఆ బంపరు మీద మందంగా రంగు వేసినా, పుట్టీ పూసినా దాని చూపు మందగించవచ్చు. కంటికి నున్నగా కనిపించే మరమ్మతు లోపల సెన్సారును కొద్దిపాటి కోణంలో పక్కకు తిప్పి ఉండవచ్చు. ఆ కొద్దిపాటి కోణమే వంద మీటర్ల దూరంలో పక్క వరుసలో వెళ్లే లారీని మన వరుసలో ఉన్నట్లు చూపించగలదు. అద్దం ఎప్పుడు, ఎక్కడ మార్చారు, ఆ తర్వాత సెన్సార్లను సరిచూసినట్లు రాతపూర్వకంగా ఏమైనా ఉందా అని అడగడంలో మొహమాటపడనక్కరలేదు.

బ్యాటరీ సంగతి ఇంతకన్నా సులువు, ఎందుకంటే అది కొలతకు లొంగుతుంది. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వరకు, సామర్థ్యం 70 శాతానికి తగ్గకుండా హామీ ఇస్తాయి. ఆ హామీ సాధారణంగా కారుతో పాటే కొత్త యజమానికి వస్తుంది. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేని తొలి నిస్సాన్ లీఫ్ కార్లు వేడి ప్రాంతాల్లో త్వరగా నీరసించిపోయాయి. దీనికి తలకిందులుగా, అగ్నిప్రమాదాల భయంతో రీకాల్ అయిన షెవర్లే బోల్ట్ కార్లలో చాలావాటికి కొత్త బ్యాటరీలు అమర్చారు గనుక, చెడ్డపేరు తెచ్చుకున్న ఆ కారే పాత బజారులో మంచి బేరం కావచ్చు.

ఇక్కడే ప్రభుత్వాల ధోరణిలో ఒక అసమానత కనిపిస్తుంది. 2024లో ఆమోదం పొందిన ఐరోపా యూనియన్ యూరో 7 నిబంధనలు, విద్యుత్ కారు బ్యాటరీ 5 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్ల దాకా 80 శాతం, 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా 72 శాతం సామర్థ్యం నిలుపుకోవాలని అంటున్నాయి. కాలిఫోర్నియా 2026 మోడళ్ల నుంచి బ్యాటరీ ఆరోగ్యం ఎంతో కారులోనే చూపించాలని నిర్దేశించింది. రెండూ రెండో కొనుగోలుదారును దృష్టిలో పెట్టుకున్న మంచి నియమాలే. స్వయంచాలన హక్కుల విషయంలో మాత్రం అలాంటి బాధ్యత కంపెనీల మీద పెట్టడం లేదు. కారు నమోదు పత్రంలో యజమాని పేరు, ఛాసిస్ నంబరు ఉన్నట్లే, ఆ కారుకు శాశ్వతంగా దక్కిన సాఫ్ట్‌వేర్ హక్కులేవి, చందాతో నడుస్తున్నవేవి, కంప్యూటరు ఏ తరానిది, పెండింగులో ఉన్న రీకాళ్లేవి అన్న వివరాలు ఛాసిస్ నంబరు కొట్టగానే ఎవరికైనా కనిపించేలా కంపెనీలు ప్రకటించాలి. అలా ప్రకటించిన హక్కును యజమాని మారాడన్న సాకుతో రద్దు చేయడాన్ని చట్టం నిషేధించాలి. ఈ సమాచారమంతా కంపెనీల సర్వర్లలో ఇప్పటికే ఉంది. దాన్ని బయటపెట్టడానికి కొత్త సాంకేతికత అక్కరలేదు.

ఆ రోజు వచ్చేదాకా ఆ పని కొనేవారే చేసుకోవాలి. డబ్బు చేతులు మారకముందే సౌకర్యాల పేజీని కారు తెర మీద తెరిపించి, ఛాసిస్ నంబరు కూడా కనిపించేలా ఫోటో తీసుకుని, ఆ వివరాలను అమ్మకపు ఒప్పందంలో రాయించాలి. కారు ఎవరి పేరు మీద నమోదై ఉందో కంపెనీకే రాసి, ఏ సౌకర్యాలు బదిలీ అవుతాయో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. అమ్మినవారి ఖాతాను, వారి ఫోన్లను, తాళం కార్డులను కారు నుంచి తొలగించడం ఎదురుగా ఉండి చూడాలి. లేకపోతే అమ్మేసిన తర్వాత కూడా ఆ కారు ఎక్కడుందో చూడగలిగే, తలుపులు తెరవగలిగే వీలు వారి ఫోనులో మిగిలిపోతుంది. తర్వాత ఆ కారును ఇంటికి నడుపుకుంటూ వెళ్లేటప్పుడు, సెల్ఫ్ డ్రైవింగ్ మీట జోలికి వెళ్లకుండా, కొన్ని వారాలపాటు స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచి దాని బ్రేకును, మలుపును, బరువును ముందు తెలుసుకోవాలి.