డెలికేట్ ఆర్చ్ కింద ఫొటో క్యూ గారికి

మహారాజశ్రీ ఫొటో క్యూ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద గానీ, మోకాళ్ళు క్షేమంగా లేవు. నిన్న సాయంత్రం మీ సన్నిధిలో నిలబడి వచ్చినదాన్ని. అమెరికాలో యూటా రాష్ట్రంలో, మోయాబ్ ఊరి దగ్గర క్యాంపులో, అద్దె ఆర్వీలో, అంటే చక్రాల మీది ఇంట్లో, మడత బల్ల విప్పి ఈ ఉత్తరం రాస్తున్నాను. "అచ్చం ఇల్లులాగే ఉంటుంది మేడమ్" అని బండి ఇచ్చారు. మా ఇంట్లో మలుపు తిరిగినప్పుడల్లా సొరుగులు తెరుచుకుని గరిటెలు కాళ్ళ మీద పడవు. పోనివ్వండి, అది వేరే ఉత్తరం.

మీరు పుట్టకముందు నుంచీ నాకు ఆ కొండ తెలుసు. మొదటిసారి వెళ్ళినప్పుడు మీరు లేరు. జనం ఆ పెద్ద రాతి పల్లం అంచున చెదురుమదురుగా కూర్చున్నారు. ఎదురుగా డెలికేట్ ఆర్చ్ అనే ఆ రాతి తోరణం, దాని వెనక మంచు కప్పుకున్న లాసాల్ కొండలు. బుద్ధి పుట్టినవాళ్ళు లేచి వెళ్ళి ఆర్చ్ కింద కాసేపు నించుని వచ్చేవాళ్ళు. ఎవరి తరవాత ఎవరు అన్న ప్రశ్నే లేదు.

ఆ తరవాత లోకమంతా కదిలింది. 2021లో ఆ ఆర్చ్ ఉన్న ఆర్చెస్ నేషనల్ పార్కుకి 18 లక్షల మంది వచ్చారు. గేటు దగ్గర కార్లు పట్టక, 2022 ఏప్రిల్‌లో గంటల లెక్కన ముందస్తు రిజర్వేషన్ మొదలుపెట్టారు. మంచి ఆలోచనే. కానీ పొద్దున ఎనిమిదింటికి గేటు దాటినవాళ్ళూ, మధ్యాహ్నం మూడింటికి దాటినవాళ్ళూ పొద్దుగూకే వేళకి చేరేది మీ దగ్గరికే కదా!

కొండకి నడక మొదలయ్యే వుల్ఫ్ రాంచ్ దగ్గర పార్కింగు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పొడవాటి బళ్ళ కోసం గీసిన గీతల మధ్య చిన్న కార్లు కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. ఆ పక్కనే వుల్ఫ్ అనే ముసలాయన కట్టుకున్న చెక్క గుడిసె ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో కాలికి తగిలిన దెబ్బతో, పొడి గాలి కోసం 1898లో కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, పదేళ్ళకి పైగా ఆ ఎడారిలో పశువుల్ని మేపాడట. అన్నేళ్ళలో ఆయన ఎవరి వెనకా నించుని ఉండడు. అదృష్టవంతుడు.

దారి గురించి ఫిర్యాదు లేదు. పైకి మైలున్నర, 480 అడుగుల ఎక్కుడు, మధ్యలో నీడన్నది లేని ఒంటి బండ. చివర్లో కొండ అంచునే చెక్కినట్టున్న సన్నని దారి. ఒక పక్క గోడ, ఇంకో పక్క గాలి. అది దాటి మలుపు తిరగ్గానే ఆర్చ్ ఒక్కసారిగా కళ్ళెదుట నిలబడుతుంది. ఈసారి ఆర్చ్ కంటే ముందు మీరు నిలబడ్డారు.

మిమ్మల్ని అక్కడ ఎవరూ నియమించలేదు. బోర్డు లేదు, తాడు లేదు, టోకెన్ లేదు. అయినా అందరూ మీకు లోబడి నించున్నారు, ఆ క్రమశిక్షణకి దండం పెట్టాను. మావారిని ఫోనుతో అవతలి అంచున నిలబెట్టి, నేను వెళ్ళి మీ తోక పట్టుకున్నాను. నా ముందు ఒక పదేళ్ళ పిల్లాడు. ఒక్కడే. వెనక్కి తిరిగి "హాయ్ ఆంటీ" అన్నాడు. పిల్లాడు, ఒక ఫొటో, అర నిమిషం అనుకుని క్షమించాను.

వాడి వంతు వచ్చింది. గోడవార నీడకేసి తిరిగి, "తాతా! వచ్చేసింది, రండి!" అని అచ్చ తెలుగులో కేక పెట్టాడు.

నీడ లేచి నడుచుకుంటూ వచ్చింది. తాతగారు, నానమ్మ, ఇద్దరు బాబాయిలు, పిన్నులు, చంకలో ఒకటి, చేతిలో ఒకటి. అందులో ఒక బాబాయికి పెళ్ళి స్టేజీ ఫొటోగ్రాఫరు పూనాడు. ముందు అందరూ కలిసి. తరవాత మగవాళ్ళు. తరవాత ఆడవాళ్ళు. తోడికోడళ్ళు ఇద్దరే. తోడికోడళ్ళు అత్తగారితో. అత్తగారు ఒక్కరే. "అమ్మా, నవ్వవే!" ఆవిడ నవ్వడం లేదు, ఆర్చ్ లోంచి కొట్టే గాలికి పమిట ఆగడం లేదు. తరవాత అందరూ కలిసి ఎగరడం. సగం మంది ముందు ఎగిరారు, సగం మంది వాళ్ళు దిగాక ఎగిరారు. మళ్ళీ. తాతగారు ఈసారి ఎగరనన్నారు. ఆయన్ని బతిమాలడం. మళ్ళీ.

అవతల ట్రైపాడ్ల వాళ్ళు "మూవ్! ప్లీజ్ మూవ్!" అని గొంతు చించుకుంటున్నారు. వాళ్ళకి మనిషన్నవాడు లేని ఆర్చ్ కావాలి, వీళ్ళకి వంశమంతా ఉన్న ఆర్చ్ కావాలి. నడుమ నేను.

అక్కడ సాయంత్రం నీడ కింద నుంచి పైకి పాకుతుంది. ముందు పల్లం, తరవాత ఆర్చ్ పాదాలు, తరవాత నడుము. అది పాకుతుంటే నేను చూస్తూనే ఉన్నాను. చిన్న పిన్ని కొత్త కళ్ళజోడు పెట్టుకుని "ఇదొక్కటీ" అంది.

ఇక మీరూ గారూ నా వల్ల కాదు. ఏమే క్యూ, నీకు కళ్ళు లేవా? ఒక్క పిల్లాణ్ణి లెక్కబెట్టుకుని ఊరంతటికీ చోటిస్తావా? 1950లలో ఈ ఆర్చ్ అరిగిపోకుండా ప్లాస్టిక్ పూత పూద్దామా అని ఆలోచించి మానుకున్నారట. నీకు పూయాల్సింది అది! 2008 ఆగస్టులో ఇదే పార్కులో వాల్ ఆర్చ్ అనే ఇంకో తోరణం రాత్రికి రాత్రి కూలిపోయింది. ఇది ఇంకా నిలబడి ఉందంటే దాని ఓర్పు గొప్పది. నాకు అంత ఓర్పు లేదు.

నా వంతు వచ్చేసరికి ఆర్చ్ నెత్తి మీద నారింజ రంగు బెత్తెడు మిగిలింది. మావారు దూరం నుంచి చెయ్యి ఊపారు. రమ్మనో, నవ్వమనో తెలియలేదు. ఫొటోలో పైన ఆర్చ్ దివ్యంగా ఉంది. కింద నల్లగా ఒక చుక్క ఉంది. అది నేనేనని మావారు వేలు పెట్టి చూపించారు.

దిగేటప్పుడు ఆ నానమ్మగారు నా పక్కనే ఆయాసపడుతూ నడిచారు. "చాలాసేపు నించున్నావు కదమ్మా, పాపం" అని సంచీలోంచి జంతికలు తీసి చేతిలో పెట్టారు. వాము వేసినవి, కరకరలాడుతున్నాయి. తిన్నాను. ఇంకో రెండు అడిగి మరీ తిన్నాను. కోపం మాత్రం అలాగే ఉంది.

రేపు తెల్లవారకముందే కాన్యన్‌ల్యాండ్స్ అనే ఇంకో పార్కులో మెసా ఆర్చ్‌కి వెళ్తున్నాం. సూర్యోదయానికి అక్కడ నీ చెల్లెలు కాపురం ఉంటుందని విన్నాను. దానికో మాట చెప్పి ఉంచు: మావారిని ముందు పంపి నించోబెడుతున్నాను. నేను ఆర్వీలో టీ కాచుకుని, తాగి, తీరిగ్గా వస్తాను. ఎవరైనా అడిగితే మావాళ్ళు ముందున్నారంటాను.

ఇట్లు,
పిల్లాడి వెనకాల ఆంటీ