పాలు పొంగించిన రోజే ఏఆర్-11

అద్దె అపార్ట్‌మెంట్ అయినా సరే, కొత్త ఇంట్లో అడుగు పెట్టాలంటే మనవాళ్ళు మంచి రోజు చూస్తారు. ముందు దేవుడి పటం లోపలికి వెళ్తుంది, తర్వాత పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఆ వారంలోనే కరెంటు, ఇంటర్నెట్, బడి, బ్యాంకు అన్నిటికీ కొత్త అడ్రస్ ఇచ్చేస్తాం. మర్చిపోయేది ఒక్క ఇమిగ్రేషన్ వాళ్ళకే.

అమెరికా పౌరసత్వం లేనివాళ్ళు ఇల్లు మారితే 10 రోజుల్లో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు చెప్పాలి. ఆ ఫారం పేరు ఏఆర్-11. హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ భార్య లేదా భర్త, పిల్లల వీసా), ఎల్-1 (కంపెనీ బదిలీ మీద వచ్చే వీసా), గ్రీన్ కార్డు, అందరికీ ఇదే రూలు. దౌత్య పనుల మీద వచ్చే ఏ, జీ వీసాల వాళ్ళకు, వీసా లేకుండా రాగలిగే దేశాల పర్యాటకులకు మాత్రం మినహాయింపు ఉంది. ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. ఇంట్లో నలుగురుంటే నలుగురికీ విడివిడిగా చేయాలి, అంతే. దీపావళి విందులో మా టేబుల్ దగ్గర కూర్చున్న ఎనిమిది మందిని అడిగితే చేశామన్నవాళ్ళు ఇద్దరు. ఒకతను "పోస్టాఫీసులో అడ్రస్ మార్పించాను కదండీ, సరిపోదా?" అన్నాడు. సరిపోదు. అది వేరు, ఇది వేరు.

తెలియక ఏమవుతుందో నాకు తెలుసు. 2018లో మేం ఒకే కాంప్లెక్స్‌లో ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కు మారాం. పార్కింగ్ లాట్ దాటితే పాత ఇల్లు. ఇంత దానికి అడ్రస్ మార్పేమిటిలే అనుకున్నాం. సరిగ్గా అప్పుడే నా హెచ్-4 వర్క్ పర్మిట్ రెన్యువల్ అయింది. కార్డు పాత అడ్రస్‌కు వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి పోయింది. అది మళ్ళీ నా చేతికి రావడానికి ఏడు వారాలు పట్టింది. పాత కార్డు గడువు అయిపోయింది కాబట్టి ఆ ఏడు వారాలూ ఆఫీసుకు వెళ్ళలేదు, జీతం రాలేదు. రోజుకు మూడుసార్లు పోస్టు డబ్బా తెరిచి చూసేదాన్ని. కంటితో చూస్తే సరిపోయేది, అయినా చెయ్యి లోపలికంటా పెట్టి వెతికేదాన్ని.

ఈ రూలు నిన్న మొన్న పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాడు, 1940లో, రూజ్‌వెల్ట్ సంతకంతో విదేశీయుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. 14 ఏళ్ళు దాటిన ప్రతి విదేశీయుడూ పోస్టాఫీసుకు వెళ్ళి పేరు రాయించుకుని వేలిముద్రలు ఇవ్వాల్సి వచ్చేది. తర్వాత చాలా ఏళ్ళు, ఇల్లు మారినా మారకపోయినా, ఏటా జనవరిలో అడ్రస్ చెప్పి తీరాల్సిందే. 1974లో వచ్చిన మా ఊరి డాక్టరు గారు ఒకరు ఆ రోజులు చెబుతుంటారు. సంక్రాంతికి అరిసెల పాకం పట్టడమూ పోస్టాఫీసులో ఆ అడ్రస్ కార్డు నింపడమూ ఒకే వారంలో వచ్చేవట. ఏటా చెప్పే ఆ పద్ధతిని 1981లో చట్టం సవరించి తీసేశారు. 10 రోజుల రూలు మాత్రం మిగిలింది. ఎవరూ అడగకపోవడంతో మనం దాన్ని లేనట్టే లెక్కేశాం.

ఇప్పుడు అడుగుతున్నారు. 2025 ఏప్రిల్ 11 నుంచి రిజిస్ట్రేషన్ నిబంధనలను గట్టిగా అమలు చేస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షన్ పడ్డారో అందరికీ గుర్తుండే ఉంటుంది. నిజానికి ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు) తోనో, గ్రీన్ కార్డుతోనో, వర్క్ పర్మిట్‌తోనో ఉన్నవాళ్ళు ఇప్పటికే రిజిస్టర్ అయినట్టే లెక్క. మళ్ళీ చేయించుకోనక్కర్లేదు. పెద్దవాళ్ళకు చెప్పిన ఈ మాట పిల్లలకూ వర్తిస్తుందని చాలామంది ఊరుకున్నారు. అక్కడే పొరపాటు జరుగుతోంది.

ఇక్కడ ఉండగా 14 నిండిన పిల్లలు 30 రోజుల్లోపు మళ్ళీ రిజిస్టర్ కావాలి, వేలిముద్రలు ఇవ్వాలి. హెచ్-4 పిల్లలకైతే ఆ ఫారం జీ-325ఆర్, గ్రీన్ కార్డు పిల్లలకైతే ఐ-90. మా అమ్మాయికి మొన్న జూన్‌లో 14 నిండాయి. ఫారం నింపాం, అపాయింట్‌మెంట్ వచ్చింది, వెళ్ళాం. ఆషాఢం గోరింటాకు దాని వేళ్ళ కొసల మీద ఇంకా ఎర్రగానే ఉంది. "దీనివల్ల ప్రింట్స్ పడకపోతే?" అని కారులోంచి దిగేదాకా అదే బెంగ. అక్కడి ఆవిడ టిష్యూతో వేళ్ళు తుడిచి, ఒక్కొక్కటీ పట్టుకుని గాజు మీద నొక్కింది. అన్నీ పడ్డాయి. బయటికొచ్చాక అడిగింది, తన ఫ్రెండ్స్ ఎవరికీ ఇది లేదెందుకని. వాళ్ళు ఇక్కడ పుట్టారు, నువ్వు గుంటూరులో పుట్టావు అన్నాను. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇక్కడ ప్రభుత్వాన్ని ఒక మాట అనాల్సిందే. పిల్లల పుట్టినరోజు వాళ్ళ కంప్యూటర్లో తారీఖుతో సహా ఉంది. తల్లిదండ్రులకు ముందుగా ఒక ఉత్తరం పంపడం ఏమంత కష్టం? గుర్తు చేయకుండా గడువు మాత్రం పెట్టి, అడ్రస్ చెప్పకపోతే 5,000 డాలర్ల దాకా జరిమానా, 30 రోజుల దాకా జైలు అనడం నాకు న్యాయంగా తోచదు. సామాన్లు విప్పడానికే 10 రోజులు చాలవు. కనీసం నెల గడువివ్వాలి, అది కూడా గుర్తు చేసి ఇవ్వాలి. మన జాతీయ సంఘాలు కాంగ్రెస్ సభ్యులను కలిసినప్పుడల్లా గ్రీన్ కార్డు క్యూ గురించే మాట్లాడతాయి. తప్పు లేదు, మా ఇంట్లోనూ ఆ క్యూలోనే ఉన్నాం. దాంతో పాటు ఈ చిన్న విషయం కూడా అడగండి. ఇది తేలిగ్గా సాధించగలిగింది.

అమ్మానాన్నల సంగతి ఇంకోటి. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వస్తారు. 18 దాటినవాళ్ళు రిజిస్ట్రేషన్ రుజువు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని చట్టం. వాళ్ళకు ఆ రుజువు ఐ-94. అది పాస్‌పోర్టులో ఉండదు, సరిహద్దు శాఖ వెబ్‌సైట్ నుంచి మనమే ప్రింటు తీయాలి. పోయిన వేసవిలో మా అమ్మ పార్కుకు బయల్దేరుతుంటే ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చాను. "వాకింగుకి కూడా కాగితమా?" అంది. అయినా తీసుకుని, నా ఫోన్ నంబరు రాసిపెట్టుకున్న చిన్న పర్సులో బీపీ మాత్రల పక్కన పెట్టుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి చేతికి అలాంటి కాగితం ఇవ్వాల్సి రావడం బాధే. ఇవ్వకుండా పంపడం ఇంకా పెద్ద తప్పు.

తల్లిదండ్రులను స్పాన్సర్ చేసిన పౌరులు కూడా ఇదంతా మాకు కాదులే అనుకోవద్దు. తల్లిదండ్రుల ఖర్చులకు తామే బాధ్యులమని వాళ్ళు ఇచ్చిన అఫిడవిట్ అమల్లో ఉన్నంత కాలం, స్పాన్సర్ ఇల్లు మారితే 30 రోజుల్లో ఐ-865 ఫారం ఇవ్వాలి.

"మనంతట మనమే అడ్రస్ చెప్పడమెందుకు, కొరివితో తల గోక్కోవడం కదా" అనేవాళ్ళున్నారు. వీసా చిక్కుల్లో ఉన్నవాళ్ళు ముందు లాయరును కలవాలి, అందులో సందేహం లేదు. కానీ స్టేటస్ సవ్యంగా ఉన్నవాళ్ళ అడ్రస్ ఉద్యోగం దగ్గరా ఉంది, పన్నుల శాఖ దగ్గరా ఉంది. చెప్పకపోతే దాగేది ఏమీ లేదు. పోయేది మాత్రం చాలా ఉంది. అప్లికేషన్ మీద ప్రశ్న వస్తే ఆ ఉత్తరం పాత ఇంటికి వెళ్తుంది, జవాబు గడువు మనకు తెలియకుండానే దాటిపోతుంది.

మన తెలుగు సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. ఈ సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ జరిగే హాలు బయట ఒక బల్ల వేయించండి. వాలంటీర్లు ఇద్దరు చాలు. లీగల్ సలహాలు ఇవ్వకూడదు, ఎవరి పాస్‌వర్డూ అడగకూడదు. ఎవరి ఫోన్లో వాళ్ళే ఏఆర్-11 నింపుకుంటారు, పక్కన నిలబడి చూపిస్తే చాలు. అది అయ్యాక వచ్చే కన్ఫర్మేషన్ దాచుకోమని చెప్పాలి. పెద్దవాళ్ళకు ఐ-94 ప్రింటు తీసివ్వాలి. 14 దగ్గరపడుతున్న పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఫారం పేరు కాగితం మీద రాసివ్వాలి. ల్యాప్‌టాప్, ప్రింటర్ నేను తెస్తాను.