యుద్ధానికి వేసిన ఓటుకు కాలదోషం ఉండదు

పాత ఓటు గురించి అడిగితే ఏ దేశపు నాయకుడికైనా ఒళ్లు మండుతుంది. ‘అప్పటి పరిస్థితులు వేరు’, ‘మాకిచ్చిన సమాచారమే అలా ఉంది’, ‘జరిగిందేదో జరిగింది, ఇక ముందు సంగతి చూద్దాం’... ఈ మూడు మాటల చాటునే ఇరాక్ యుద్ధం తాలూకు పద్దు ఇరవై ఏళ్లు దాటినా తేలకుండా ఉండిపోయింది. వంతెన కోసమో, పన్ను కోసమో ఓటేసి పొరబడితే తర్వాతి సభ సరిదిద్దవచ్చు. యుద్ధానికి వేసిన ఓటుకు ఆ వెసులుబాటు లేదు. 2002 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఇరాక్‌పై సైన్యాన్ని నడిపే అధికారాన్ని అధ్యక్షుడు జార్జి బుష్‌కు కట్టబెట్టింది. ప్రతినిధుల సభలో 296 మంది ఔనన్నారు, 133 మంది కాదన్నారు. సెనేట్‌లో 77 మంది అటు, 23 మంది ఇటు. ఆ యుద్ధంలో దాదాపు 4,500 మంది అమెరికన్ సైనికులు, లక్షకు పైగా ఇరాకీ పౌరులు ప్రాణాలు కోల్పోయారు. ఏ సామూహిక మారణాయుధాల (అణు, రసాయన, జీవ ఆయుధాల) పేరు చెప్పి దండెత్తారో వాటి నిల్వలు లేనే లేవని అమెరికా నియమించిన ఇరాక్ సర్వే గ్రూపే 2004లో తేల్చింది. ఔనన్న 373 మందిని ఇన్నేళ్ల తర్వాత కూడా నిలదీయాలా? నిలదీయాలన్నదే మా అభిప్రాయం. దేనికి నిలదీయాలన్నది మాత్రం తేల్చుకోవాలి.

అంచనా తప్పినందుకు ఎవరినీ బోనెక్కించనక్కర్లేదు. భవిష్యత్తు ఎవరికీ తెలియదు. కానీ ఓటేసే రోజున చేతికందే దూరంలో ఉన్న కాగితాన్ని చదివారా లేదా అన్నది భవిష్యత్తుకు సంబంధించిన ప్రశ్న కాదు. ఓటింగుకు పది రోజుల ముందు నిఘా సంస్థలన్నీ కలిసి రూపొందించిన 92 పేజీల రహస్య నివేదిక ఒకటి కాంగ్రెస్‌కు చేరింది. కాపలా ఉన్న గదిలోకి వెళ్లి సభ్యులెవరైనా చదువుకోవచ్చు. ఇరాక్ కొనబోయిన అల్యూమినియం గొట్టాలు యురేనియం శుద్ధికేనని సీఐఏ అంటే, అవి మామూలు రాకెట్లకు పనికొచ్చేవేనని ఇంధన శాఖ నిపుణులు విభేదించారు. విదేశాంగ శాఖ నిఘా విభాగమైతే అణుకార్యక్రమం మళ్లీ మొదలైందన్న వాదననే ఒప్పుకోలేదు. ఈ అసమ్మతులన్నీ ఆ నివేదికలోనే ఉన్నాయి. కొద్ది రోజులకు జనం కోసం విడుదల చేసిన పత్రంలో మాత్రం అవి మాయమయ్యాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివిన వ్యక్తి సెనేట్ నిఘా కమిటీ అధ్యక్షుడు బాబ్ గ్రాహం. ఆయన వ్యతిరేకంగా ఓటేశారు. అసలు నివేదికను పూర్తిగా చదివిన సెనేటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందేనని తర్వాత బయటపడింది. అప్పటి సెనేటర్ హిల్లరీ క్లింటన్ సైతం చదవలేదు, దాని సారాంశం తనకు వివరించారన్నారు. ‘మమ్మల్ని మోసం చేశారు’ అనే హక్కు చదివి మోసపోయినవారిది. చదవకుండా చెయ్యెత్తినవారు ఆ మాట అనడానికి లేదు.

‘అప్పుడు అందరూ అలాగే నమ్మారు’ అన్న వాదన కూడా నిలవదు. రెండు సభల్లో కలిపి 156 మంది నమ్మలేదు. వాళ్లు వేరే దేశపు పత్రికలు చదివినవాళ్లు కారు.

మరి అంతమంది ఎందుకు తలూపారు? ఇక్కడే అసలు కథ ఉంది. 1991లో కువైట్ విముక్తి కోసం జరిగిన గల్ఫ్ యుద్ధానికి సెనేట్ 52–47తో బొటాబొటిగా అనుమతించింది. అప్పుడు డెమొక్రాటిక్ సెనేటర్లు జో బైడెన్, జాన్ కెర్రీ వ్యతిరేకించారు. ఆ యుద్ధం వారాల్లో ముగిసి జనాదరణ పొందింది. కాదన్న డెమొక్రాట్లంతా పిరికిపందలన్న ముద్ర మోయాల్సి వచ్చింది. ఔనన్న అల్ గోర్ మరుసటి ఏడాదే ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యారు. ఆ పాఠం బట్టీపట్టినవాళ్లు 2002 వచ్చేసరికి రెండోసారి ‘తప్పు’ చేయదలచుకోలేదు. బైడెన్, కెర్రీ ఇద్దరూ ఔనన్నారు. విచిత్రమేమంటే పదవిలో లేని అల్ గోర్ ఈసారి యుద్ధాన్ని బాహాటంగా తప్పుబట్టారు. పైగా ఓటింగు పెట్టింది కాంగ్రెస్ మధ్యంతర ఎన్నికలకు సుమారు 25 రోజుల ముందు. జార్జియా సెనేటర్ మాక్స్ క్లెలండ్ వియత్నాంలో రెండు కాళ్లు, ఒక చెయ్యి పోగొట్టుకున్న సైనికుడు. ఆయన యుద్ధానికి ఔనన్నా ప్రత్యర్థులు వదల్లేదు. అంతర్గత భద్రత శాఖ బిల్లుపై ఆయన వేసిన ఓట్లను పట్టుకుని, బిన్ లాడెన్ బొమ్మతో ప్రకటన వేసి ఓడించారు. భయంతో వేసిన ఓటు రక్షణ కూడా ఇవ్వలేదన్నమాట.

కాదన్నవారికి పడే శిక్ష వెంటనే పడుతుంది. వియత్నాం యుద్ధానికి తలుపు తెరిచిన 1964 నాటి టోంకిన్ సింధుశాఖ తీర్మానాన్ని ప్రతినిధుల సభ 416–0తో, సెనేట్ 88–2తో ఆమోదించింది. ఆ ఇద్దరు, వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్, 1968లో సీట్లు పోగొట్టుకున్నారు. న్యూయార్క్ జంట భవనాల దాడుల తర్వాత సైనిక చర్యకు అధికారమిచ్చే తీర్మానంపై 2001 సెప్టెంబరు 14న ప్రతినిధుల సభలో 420 మందికి ఎదురు ఒక్కరుగా నిలిచిన బార్బరా లీకి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి, పోలీసు రక్షణ పెట్టాల్సి వచ్చింది. ఔనన్నవారికి శిక్ష పడితే ఏళ్ల తర్వాత పడుతుంది, అదీ పడితేనే. ఈ తూకం ఇలా ఉన్నంతకాలం సగటు రాజకీయ జీవి ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా? ఓటర్ల జ్ఞాపకశక్తి ఒక్కటే రెండో పళ్లెంలో కాస్త బరువు పెట్టగలదు.

ఆ జ్ఞాపకశక్తి నిలకడలేనిదని ఒప్పుకోవాలి. 2007లో న్యూ హాంప్‌షైర్ ప్రచార సభల్లో ‘తప్పు చేశానని అనండి చాలు’ అని ఓటర్లు బతిమాలినా హిల్లరీ అనలేదు. అదే ముఖ్యమనుకునేవారికి వేరే అభ్యర్థులున్నారని తెగేసి చెప్పారు. 2008 అధ్యక్ష అభ్యర్థి ఎంపికలో దేశవ్యాప్తంగా డెమొక్రాటిక్ ఓటర్లు ఆ సలహా పాటించారు. ఇలినాయ్ రాష్ట్ర సెనేటర్‌గా ఉన్నప్పుడే, 2002 అక్టోబరులో షికాగో సభలో ఆ యుద్ధం తెలివితక్కువదని నిక్కచ్చిగా అన్న బరాక్ ఒబామాను ఎంచుకున్నారు. ఓటమికి అదొక్కటే కారణం కాకపోవచ్చు, పెద్ద కారణాల్లో ఒకటన్నది నిజం. ‘తప్పే చేశాను’ అని ఆమె తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకునేసరికి 2014 వచ్చింది. అదే ఓటు వేసిన బైడెన్‌ను మాత్రం ఓటర్లు 2008లో ఉపాధ్యక్షుణ్ని, 2020లో ఏకంగా అధ్యక్షుణ్ని చేశారు. 2020లో పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ప్రైమరీల్లో ప్రత్యర్థి బెర్నీ సాండర్స్ పదేపదే ఆ ఓటును గుర్తుచేశారు. ఫలితం లేదు.

పశ్చాత్తాపపడినవారినీ వెంటాడితే ఇక తప్పు ఒప్పుకునేదెవరన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి నార్త్ కరోలినా రిపబ్లికన్ వాల్టర్ జోన్స్ జీవితమే సమాధానం. ఈయన మామూలు మద్దతుదారు కాదు. ఫ్రాన్స్ యుద్ధాన్ని వ్యతిరేకించిందన్న కోపంతో పార్లమెంటు క్యాంటీన్‌లో ‘ఫ్రెంచ్ ఫ్రైస్’ పేరును ‘ఫ్రీడమ్ ఫ్రైస్’గా మార్పించిన ఘనుడు. ఆయన నియోజకవర్గంలో మెరైన్ల పెద్ద స్థావరం క్యాంప్ లెజూన్ ఉంది. 2003లో అక్కడి ఒక సైనికుడి అంత్యక్రియలకు వెళ్లి వచ్చాక ఆయనలో మథనం మొదలైంది. ఆఫీసు బయటి నడవాలో ఆ స్థావరానికి చెందిన మృతుల ఫొటోలు వరుసగా నిలబెట్టారు. మృతుల కుటుంబాలకు తన సంతకంతో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టి, 2019లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నారు, అవి పదివేలు దాటాయి. అంతకంటే ముఖ్యం, ఆ తర్వాత వచ్చిన యుద్ధ చర్చల్లో పదేపదే సొంత పార్టీకి ఎదురు నిలిచారు. పార్టీ లోపలే పోటీ పెట్టినా నియోజకవర్గం ఆయన్ను వదులుకోలేదు. క్షమాపణ నిజమైనదో కాదో కన్నీళ్లను బట్టి తేల్చలేం. తర్వాతి ఓటు ఎటు పడిందో చూడాలి. ఆ కొలతతో కొలిస్తే, 2011లో విదేశాంగ మంత్రిగా లిబియాపై దాడికి పట్టుబట్టిన హిల్లరీ ఆనాటి తప్పు నుంచి ఏం నేర్చుకున్నట్టు?

బ్రిటన్ కథ కాస్త నయం. 2003 మార్చి 17న మంత్రి రాబిన్ కుక్ రాజీనామా చేశారు. మర్నాడు అధికార లేబర్ పార్టీ ఎంపీలే 139 మంది తిరుగుబాటు సవరణకు ఓటేశారు. యుద్ధం ఆగలేదనుకోండి. ఏడేళ్ల విచారణ తర్వాత 2016 జులైలో వెలువడిన చిల్కాట్ నివేదిక, శాంతియుత మార్గాలన్నీ వాడి చూడకుండానే దండయాత్రకు దిగారని చెప్పింది. ఆ పాత పాపం గుర్తున్నందునే 2013 ఆగస్టులో సిరియాపై దాడికి అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ తెచ్చిన తీర్మానం 285–272తో వీగిపోయింది. పాత ఓటును గుర్తుంచుకోవడం వల్ల ఒరిగేదేమిటని అడిగేవారు ఆ పదమూడు ఓట్ల తేడాను చూడాలి.

అయితే వాషింగ్టన్ నేర్చుకున్న పాఠం వేరు. ఓటేస్తే కదా జవాబు చెప్పాల్సింది, అసలు ఓటింగే లేకపోతే? లిబియాపై బాంబులు వేసేందుకు ఒబామా కాంగ్రెస్ అనుమతి తీసుకోలేదు. 2013లో సిరియా విషయం కాంగ్రెస్‌కు పంపినా సభల్లో ఓటింగు దాకా రానేలేదు. 2025 జూన్‌లో ఇరాన్ అణుకేంద్రాలపై డొనాల్డ్ ట్రంప్ బాంబులు వేయించిన తర్వాత ఆయన్ను కట్టడి చేసే తీర్మానం సెనేట్‌లో 47–53తో ఓడిపోయింది. పాత ఓట్లనే కొత్త యుద్ధాలకు వాడుకునే విద్య కూడా అబ్బింది. 2020 జనవరిలో బాగ్దాద్‌లో ఇరాన్ జనరల్ ఖాసిం సులేమానీని హతమార్చి, 2002 నాటి ఇరాక్ తీర్మానాన్ని సాకుల్లో ఒకటిగా చూపారు. సద్దాం చనిపోయి అప్పటికి పదమూడేళ్లు! దాని రద్దుకు సెనేట్ 66–30తో ఓటేసింది 2023 మార్చిలో, అది నిజంగా రద్దయింది 2025 డిసెంబరులో. ‘గతజల సేతుబంధనం ఎందుకు’ అనేవారు గమనించాలి, ఆ నీళ్లు అన్నేళ్లూ ఎక్కడికీ పోలేదు. కాబట్టి ఔనన్నవారితోపాటు ఓటింగు తప్పించుకున్నవారినీ ఈ లెక్కలో కలపాలి.

ఎక్కడో అమెరికా కాంగ్రెస్ లెక్కలు మనకెందుకని అనుకోవడానికి లేదు. కువైట్‌లో కడప, గోదావరి జిల్లాల వారి బతుకులున్నాయి. 2014లో ఇరాక్ మళ్లీ భగ్గుమన్నప్పుడు అక్కడ చిక్కుకున్న వారిలో తెలంగాణ కూలీలూ ఉన్నారు. అమెరికా పౌరులై ఓటుహక్కు పొందిన తెలుగువాళ్లు చందాల విందుల్లో అభ్యర్థులను వీసాల గురించి, గ్రీన్‌కార్డుల గురించి గట్టిగానే అడుగుతారు. యుద్ధానికి ఎటు ఓటేశారనీ అడగొచ్చు.

మన ఇంటి సంగతి ఇంకా అన్యాయం. అమెరికాలో ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా రికార్డుంది గనుకే ఈ చర్చయినా జరుగుతోంది. మన రాజ్యాంగం ప్రకారం యుద్ధానికి గానీ, విదేశాలకు సైన్యం పంపడానికి గానీ పార్లమెంటు ఓటు తప్పనిసరి కాదు. 1987లో శ్రీలంకకు శాంతిసేనను పంపినప్పుడు సభను అనుమతి అడగలేదు. దాదాపు 1,200 మంది జవాన్లు తిరిగి రాలేదు. దానికి బాధ్యులైన ఎంపీలెవరని వెతికితే ఒక్క పేరూ దొరకదు. 2003లో ఇరాక్‌కు సైన్యం పంపాలన్న అమెరికా ఒత్తిడికి వాజపేయి ప్రభుత్వం తలొగ్గకపోవడం మన అదృష్టం. అదీ మంత్రివర్గ సంఘం నిర్ణయమే. ఓటింగు జరిగినా ప్రయోజనమెంత? 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. ఆపైన మూజువాణి ఓటు ఉండనే ఉంది. 2014 ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు అలాగే గట్టెక్కింది. విభజన కోరినవారైనా, వద్దన్నవారైనా తమ ఎంపీ ఏ వైపు నిలిచాడో రికార్డు తీసి చూపించలేరు.

సైన్యాన్ని దేశం దాటించిన ప్రతిసారీ, అత్యవసరమైతే పంపిన తర్వాత నిర్ణీత గడువులోగానైనా, రెండు సభల్లో చర్చ జరగాలి. పేర్లు నమోదయ్యే డివిజన్ పెట్టాలి. ఆ ఓటుకు విప్ ఉండకూడదు. అనర్హత వేటును విశ్వాస పరీక్ష వంటి కొద్ది సందర్భాలకే పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సిఫార్సు చేసింది. అటకెక్కిన ఆ నివేదికను కిందికి దించడానికి రాజ్యాంగాన్ని తిరగరాయనక్కర్లేదు, ఫిరాయింపుల నిబంధనలున్న పదో షెడ్యూలుకు ఒక సవరణ చాలు. అది రాజ్యాంగ సవరణ గనుక ఎలాగూ మూజువాణితో కుదరదు, డివిజన్‌తోనే ఆమోదించాలి.