‘పట్నం పోదామా, ఈడనే ఉందామా’ చర్చ గారికి ఒక నల్లగొండ వాసి లేఖ

నల్లగొండ,
గడియారం సెంటర్.

మహారాజశ్రీ ‘పట్నం పోదామా, ఈడనే ఉందామా’ అనే చర్చ గారి సముఖమునకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మేమిక్కడ ఎండలో క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. పొద్దున్నే ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో వాకింగ్ చేసేవాళ్ళతో పాటే లేస్తారు. గడియారం దగ్గర చాయ్ తాగుతారు. మధ్యాహ్నం ప్రకాశం బజార్లో గిరాకీ లేని దుకాణాల్లో కూర్చుంటారు. రాత్రికి ఏదో ఒక ఫంక్షన్ హాల్లో చివరి బంతి లేచేదాకా ఉంటారు. ఇన్ని చాయ్‌లు, ఇన్ని విందులు పడ్డా షుగర్ రాని పెద్దమనిషి మా ఊళ్ళో మీరొక్కరే.

మా నాన్న కాలానికే మీరు పెద్దమనిషట. ఊరికి అటూ ఇటూ కూర్చున్న లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట మీకంటే సీనియర్లే గానీ, పాపం వాటిని ఎవరూ సభకు పిలవరు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీకు తెలిసే ఉంటుంది. కందూరు చోడుల నాటి గుడి. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో స్తంభం నీడ అక్కడే ఉంటుంది, కదలదు. మిమ్మల్ని కూడా ఆ శిల్పులే చెక్కి ఉంటారని నా అనుమానం. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం మారింది, 2016లో జిల్లానే మూడు ముక్కలై సూర్యాపేట ఒకటి, యాదాద్రి భువనగిరి ఒకటి వేరుపడ్డాయి. మీరు మాత్రం పడ్డ చోటే ఉన్నారు. (ఊరి గొప్ప చెప్పేటప్పుడు మీ సభ్యులంతా ముందు ఎత్తేది ఈ గుడి పేరే. చివరిసారి ఎప్పుడు పోయారని అడిగితే ఏడో తరగతి పిక్నిక్ గుర్తు చేసుకుంటారు.)

మీ సభలో వాదనలు ఎన్నో రకాలుగా కనిపిస్తాయి గానీ, కొలిచే టేపు ఒకటే. “ఈ ఊళ్ళో మంచేంది?” అంటే, “పట్నం రెండు గంటలే గద!” అంటారు (పట్నమంటే మాకు హైదరాబాదే). “మరి చెడేంది?” అంటే, “ఏం కావాలన్నా పట్నమే పోవాలె, రెండు గంటలు!” మంచి ఖాతాలో రాసుకున్నదీ, చెడ్డ ఖాతాలో రాసుకున్నదీ ఆ నూరు కిలోమీటర్లే. నల్లగొండ గురించి మొదలైన ముచ్చట నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కకుండా ముగిసింది నేనెప్పుడూ చూడలేదు.

మొన్నటి సభనే తీసుకోండి. ఒక పక్క రిటైరైన లెక్కల సారు, ఇంకో పక్క విత్తనాల దుకాణం సేటు.

“ఏముంది సార్ ఈడ? ఎండ, దుమ్ము, బండలు” అన్నాడు సేటు.

“పట్నంల ఏమున్నది సేటూ? ఎండ, దుమ్ము, బండలు పగలగొట్టి కట్టిన అపార్ట్‌మెంట్లు.”

“దవాఖానలున్నయి సార్.”

“రోగాలు గూడ ఉన్నయి.”

“చదువులున్నయి.”

“ఆ చదువు చెప్పేటోళ్ళల్ల సగం మంది నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నోళ్ళే.”

సారుకు చప్పట్లు పడ్డాయి. సారు కొడుకు, కూతురు ఇద్దరూ ఉండేది పట్నంలోనే. ఇక ఊళ్ళో ఏముందని అడిగిన సేటు, పట్నం అల్లుడి చేత దేవరకొండ రోడ్డులో రెండు ప్లాట్లు కొనిపించాడు. మీ సభలో సభ్యత్వానికి ఇదే నియమం కాబోలు. ఊరిని మెచ్చుకునేవాడి పిల్లలు పట్నంలో ఉండాలి, తిట్టేవాడి పైసలు ఊళ్ళో ఉండాలి.

మిమ్మల్ని గడప తొక్కనివ్వని మనిషి ఒకరున్నారు, మా పక్కింటి వదిన. ఆమె అడిగేవి వేరు. నల్లా ఎన్ని గంటలకు వస్తది? నడిరాత్రి పిల్లకు జ్వరమొస్తే చూసే డాక్టర్ ఉంటడా, లేక “పట్నం తీస్కపోండి” అని చీటీ రాస్తడా? ట్యూషన్ అయిపోయినంక ఆడపిల్ల మా గల్లీ చివరిదాకా లైటు వెలుతురులో నడిచి రావొచ్చా? ఇవి ఒకసారి మీ సభలో పెట్టి చూశాను. సారు చాయ్ గ్లాసులోకి చూశాడు, సేటు ఫోన్‌లోకి చూశాడు. ఆ సంగతి చెబితే వదిన నవ్వింది. “చాయ్ తాగేటోళ్ళకు ఏ ఊరైనా మంచిగనే ఉంటది అన్నా. ఏ ఊర్ల ఉన్నా నల్లా కాడ నిలబడేది మేమే గద!”

పెళ్ళి సంబంధాల దగ్గర మీ పెత్తనం మరీ ఎక్కువైంది. పిల్లగాడికి ఊళ్ళో సొంతిల్లుంది, నడిచే దుకాణముంది, తాగుడు లేదు. అంతా విని పిల్ల తరఫువాళ్ళు, “ఈడనే ఉంటడా?” అంటారు, ఏదో రోగం ఉందా అని అడిగినట్టు. పట్నంలో అద్దె పోర్షన్‌లో ఉండి, జీతమంతా ఈఎంఐలకు కట్టే పిల్లగాడికి మాత్రం “పట్నంల సెటిలైండు” అని బిరుదు. ఎవరైనా ఎక్కడైనా సెటిలవ్వాలంటే ముందు ఎల్బీ నగర్ దాటాలని మీరెప్పుడు శాసనం చేశారో మాకు చెప్పలేదు.

అయినా మనుషులు పోవాలా వద్దా అని ఇప్పుడు చర్చిస్తే ఏం లాభం, నీళ్ళు ఎప్పుడో పోయాయి. సాగర్ వెనక నీళ్ళను పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే అక్కంపల్లి రిజర్వాయర్‌కు వస్తాయి. అందులో కొన్ని కాలువ పట్టుకుని మా పొలాలకు, పానగల్లు ఉదయసముద్రానికి వస్తాయి. కొన్ని కోదండాపూర్‌లో శుభ్రపడి, పైపులెక్కి పట్నం పోతాయి. 2004లో మొదలైంది ఈ ప్రయాణం, తర్వాత మూడు దశలైంది. సరే, కృష్ణమ్మ అటు పోయింది, అటు నుంచి మాకేం వస్తుంది? మూసీ వస్తుంది. పట్నం తాగి, వండి, కడిగి, వదిలేసినదంతా మోసుకుని, నురగలు కక్కుకుంటూ మా ఊళ్ళ మీదుగా వచ్చి వాడపల్లి దగ్గర మళ్ళీ కృష్ణలోనే కలుస్తుంది. ఇంత క్రమం తప్పని అప్ అండ్ డౌన్ సర్వీసు ఆర్టీసీ కూడా నడపలేకపోయింది. ఆ మూసీ నీళ్ళతోనే వరి పండించుకునే రైతులున్నారు కాబట్టి ఎక్కువ అనను. ఆ బియ్యం కూడా చివరికి పోయేది పట్నానికే అనుకోండి.

బత్తాయిదీ అదే కథ. బోర్లు ఎండిన ఏళ్ళలో ట్యాంకర్లతో నీళ్ళు పోసి చెట్లను బతికించుకున్న రైతులు మా జిల్లాలో ఉన్నారు. కాయ కోతకొస్తే లారీ ఎక్కి బాటసింగారం మార్కెట్‌కో, ఢిల్లీకో పోతుంది. పనిమీద పట్నం పోయిన మా మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి, ఎండకు తాళలేక జ్యూస్ బండి దగ్గర ఆగుతాడు. బండివాడు కాయలు కోసి, మిషన్‌లో తిప్పి, ఐసు ముక్కలు వేసి గ్లాసు చేతికిస్తాడు. ఒక గుక్క తాగి మావాడు అనే మాట, “పట్నంల దొరకంది లేదు.” ఆ గ్లాసులో ఉన్నది గుర్రంపోడు కాయ.

ఎండ విషయంలో మాత్రం మేం ఎవరి మీదా ఆధారపడలేదు. మే నెల వచ్చిందంటే 44, 45 డిగ్రీల పట్టికలో రాష్ట్రంలోనే పైవరసన మా ఊరి పేరు కనిపిస్తుంటుంది. ఆ రోజు టీవీలో పేరు చూసి సేటు కూడా ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటాడు.

మిమ్మల్ని ఎవరూ పట్టించుకోని రోజులు కూడా ఉన్నాయి, గుర్తు చేస్తే కోపం తెచ్చుకోవద్దు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లలో అది ఎన్నో రెట్లు ఉండేది. పళ్ళకు గార పట్టడంతో మొదలై, కీళ్ళు బిగుసుకుని, నడుము వంగి, నడివయసు రాకముందే కట్టె పట్టుకున్న మనుషులున్నారు. ఊరు విడిచిపోయే దారి ఉన్నవాళ్ళు పోయారు. లేనివాళ్ళు ఏం చేశారో చూడండి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేశారు. ఒకరూ ఇద్దరూ కాదు, నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు. గెలవాలని కాదు, నీళ్ళ గోస ఢిల్లీకి వినబడాలని. ఢిల్లీకి బాగానే వినబడింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 అయింది. మేం నీళ్ళడిగాం, ముందు వచ్చింది అది. నీళ్ళు తర్వాత ఎప్పటికో వచ్చాయి, దఫాల వారీగా, మిషన్ భగీరథ దాకా.

ఆ 480 మందిలో ఎవరైనా గడియారం దగ్గర కూర్చుని “పోదామా, ఉందామా” అన్నారా? “నీళ్ళెందుకు రావు” అన్నారు. మీకు ఆ ఎన్నికల్లో డిపాజిట్ కూడా దక్కలేదు. అందుకే కాబోలు, ఆ ముచ్చట మీ సభలో ఎత్తరు. ఎత్తినా “పోరాటాల గడ్డ” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 1952 లోక్‌సభ ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసిన గడ్డ ఇది అని సారు రొమ్ము విరుచుకుంటాడు. నిజమే. ఆ మాట అనేటప్పుడు ఆయన కాళ్ళ పక్కన పొంగుతున్న మోరీ గురించి ఫోన్ చేద్దామంటే మాత్రం, “ఎవరు చేస్తరయ్యా, పట్నంలైతే యాప్ ఉంటది” అంటాడు.

ఇప్పుడు మీరు ‘అయితే’ల మీద బతుకుతున్నారు. శ్రీశైలం నీళ్ళు తెచ్చే సొరంగం పూర్తయితే. గుంటూరు రైలు లైను డబులైతే. పట్నం చుట్టూ ట్రిపుల్ ఆర్, అదే రీజనల్ రింగ్ రోడ్డు, పడితే. 2023 నుంచి తిరుపతి వందేభారత్ మా స్టేషన్‌లో ఆగుతోంది, ఆగిన ఆ కాసేపు మాదీ మహానగరమే. రియల్ ఎస్టేట్ చేసే తమ్ముడొకడు ఈ మధ్య మీ సభలో తీర్పు చెప్పేశాడు. “మనం పట్నం పోవుడెందుకు అన్నా? ట్రిపుల్ ఆర్ వస్తే పట్నమే చౌటుప్పల్ దాకా వస్తది. ఇంకో పదేండ్లు ఓపిక పడితే మనింటి ముందుకే వస్తది.” అందరూ సంతోషించారు. చౌటుప్పల్ వాళ్ళను అడిగితే, పట్నం కంటే ముందు ఫ్యాక్టరీల వాసన వచ్చిందంటారు.

పట్నం పోయినవాళ్ళయినా మీ నుంచి తప్పించుకున్నారా అంటే అదీ లేదు. మావాళ్ళు పట్నం పోవడమంటే ఎక్కడికో పోవడం కాదు. నల్లగొండ బస్సు ఏ వరసలో ఆగుతుందో ఆ వరసలోనే కాపురాలు. హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీ నగర్. ఇంకో రెండు స్టాపులు లోపలికి పోతే ఊరు దూరమవుతుందని భయం. అక్కడి నుంచి హైటెక్ సిటీలో ఆఫీసుకు పోయి రావడానికి పట్టే టైములో ఇక్కడికొచ్చి చాయ్ తాగి పోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం, కూర తిన్నాక, వాళ్ళ బాల్కనీలో మీ బ్రాంచి తెరుచుకుంటుంది. బోర్డు మీద పేరొక్కటే మారుతుంది, ‘ఊరికి పోదామా, ఈడనే ఉందామా’. “ఊర్లె ఏమున్నా లేకున్నా గాలి ఉంటది” అంటాడు ఒకడు. “ఏమన్నా గానీ, ఈడి నీళ్ళు మంచిగుంటయి” అంటాడు ఇంకొకడు, కోదండాపూర్ నుంచి వచ్చిన కృష్ణ నీళ్ళు గటగటా తాగి. ఇక్కడ మా ఇంట్లో నల్లాకు వచ్చేదీ కృష్ణ నీళ్ళే. అవి వాడుకకు పెట్టి, తాగడానికి ఫిల్టర్ నీళ్ళ క్యాన్ దింపించుకుంటాం.

కాబట్టి తమరికి మనవి. ఒక ఆర్నెల్లు సెలవు పెట్టండి. మీ కుర్చీలో వదిన ప్రశ్నలను కూర్చోబెట్టి చూస్తాం. నల్లా టైము, రాత్రి డాక్టరు, గల్లీ లైటు. వాటికి రోజూ చాయ్ పోసే బాధ్యత నాది. సారుకూ సేటుకూ మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఏ ప్రశ్న అడిగినా పట్నం దూరంతో కొట్టేసే అలవాటు కదా, లైటు ఎందుకు వెలగడం లేదంటే లైన్‌మన్ పేరు చెప్పాలి, కిలోమీటర్లు చెబితే కుదరదు.

ఆర్నెల్లు ఎక్కడుండాలని మీరేం టెన్షన్ పడొద్దు. వనస్థలిపురంలో మీ బ్రాంచి ఎట్లాగూ ఉంది. నాన్‌స్టాప్ బస్సులో కర్చీఫ్ వేసి కిటికీ సీటు నేనే ఆపుతాను.

ఇట్లు,
తమ సభలో రోజూ చాయ్ బిల్లు కట్టే విధేయుడు.

తా.క.: జవాబు రాస్తే నల్లగొండ చిరునామాకే రాయండి. ఆదివారం మాత్రం ఇంట్లో ఉండం, పెద్దోడి దగ్గరికి పోతాం. వాడు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే మా కోసం ఇంకో ఫ్లాటు చూసిపెట్టాడట, మా ఇంటావిడ అప్పుడే ఊ అంటోంది. సోమవారం సభకు సారునూ సేటునూ తప్పకుండా రమ్మనండి. మీ సెలవు మంగళవారం నుంచి మొదలుపెడదాం.