టూ బై సిక్స్ గోడలు లేని ఇల్లు అగ్గిపెట్టేనా? ఆ మెసేజీకి జవాబు

అమెరికాలో కొత్త ఇల్లు బుక్ చేసుకుంటున్న మనవాళ్ల మధ్య, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల, ఒక మెసేజీ చేతులు మారుతూనే ఉంది. దాని సారం ఇది (2×4, 2×6 అన్నవి గోడ లోపల నిలబెట్టే చెక్కల సైజులు, అంగుళాల్లో): "బయటి గోడలకు 2×4 చెక్క వాడిన ఇల్లు అగ్గిపెట్టె. 2×6 అయితే గట్టిది, టోర్నడోకి నిలబడుతుంది, కరెంటు బిల్లు సగమవుతుంది. చలి రాష్ట్రాల్లో 2×6 లేనిదే పర్మిటే ఇవ్వరు. రీసేల్‌లో ధర కూడా పలుకుతుంది. 2×6 ఇవ్వని బిల్డర్ దగ్గర కొనకండి."

దీన్ని నమ్మి, నచ్చిన ఇంటిని వదులుకునేవాళ్లున్నారు. కిటికీలకో తుఫాను గదికో (టోర్నడో వస్తే తలదాచుకునే గట్టి గది) పెట్టాల్సిన డబ్బు గోడలకు మళ్లించేవాళ్లున్నారు. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"2×6 గట్టిది"

ఇందులో సగం నిజం. చిత్రిక పట్టి ఆరబెట్టాక 2×4 అసలు కొలత ఒకటిన్నర అంగుళం, మూడున్నర అంగుళాలు. 2×6ది ఒకటిన్నర, ఐదున్నర. లోతు పెరిగితే చెక్క వంగకుండా తట్టుకునే బలం దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది, బిగువు నాలుగు రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. లెక్క లెక్కే, కాదనను.

కానీ అంత బలం ఆ గోడకు అవసరమా అన్నదే అసలు ప్రశ్న. ఇళ్లకు వర్తించే ఐఆర్‌సీ కోడ్ ప్రకారం, 16 అంగుళాలకు ఒకటి చొప్పున నిలబెట్టిన 2×4 స్టడ్లు (గోడ లోపలి నిలువు చెక్కలు), పదడుగుల ఎత్తు వరకూ, పైన ఒక అంతస్తునూ ఆపైన కప్పునూ మోయగలవు. అంటే మామూలు రెండంతస్తుల ఇంటి కింది గోడలకు అది చాలు. మూడంతస్తుల టౌన్‌హోమ్ కింది గోడకు మాత్రం చాలదు, అక్కడ 2×6 కావాలి. ఇంకో సంగతి: 2×6 వాడే బిల్డర్లలో చాలామంది స్టడ్ల మధ్య దూరాన్ని 24 అంగుళాలకు పెంచుతారు. కోడ్ దానికి ఒప్పుకుంటుంది, అందులో మోసమేమీ లేదు. కాకపోతే చెక్క సైజు ఒక్కటే చెప్పి దూరం చెప్పకపోతే ఆ గోడ గురించి సగమే చెప్పినట్టు.

ఈ మాట మనకు ఇంత తొందరగా ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు. ఊళ్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడ అంటే గట్టి గోడ, నాలుగున్నర అంగుళాలదంటే గదుల మధ్య అడ్డు. మందమే బలం అని చిన్నప్పటి నుంచి చూసిన కళ్లు మనవి. అమ్మానాన్నలు వచ్చి డ్రైవాల్ (గోడకు లోపలి వైపు కొట్టే జిప్సం పలక) మీద తట్టి "ఇది గోడేనా?" అని అడిగితే మనకూ అనుమానం మొదలవుతుంది. చెక్క ఇంటి బలం మందం కంటే ఎక్కువగా మేకుల్లో, పట్టీల్లో, బోల్టుల్లో ఉంటుంది. దాని గురించి కిందే చెబుతాను.

2×6 కోసం గట్టిగా అడగాల్సిన చోటు ఒకటుంది. టెక్సస్ ఇళ్లలో మనవాళ్లు ఇష్టపడే రెండంతస్తుల ఎత్తు ఫ్యామిలీ రూమ్. పద్దెనిమిది, ఇరవై అడుగుల గోడ, మధ్యలో ఫ్లోర్ ఆసరా లేదు, పైగా నిండా కిటికీలు. గాలి నెట్టినప్పుడు అక్కడ 2×4 చాలదు. ఇంజనీరు గీసిన ఫ్రేమింగ్ ప్లాన్‌లో ఆ గోడకు ఏ సైజు రాశారో అడిగి చూడండి.

"టోర్నడోకి నిలబడుతుంది"

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే, ఎందుకంటే ఇది ప్రాణాలతో ముడిపడింది.

2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ పట్టణంలో కొంత భాగాన్ని ఈఎఫ్5, అంటే అత్యంత తీవ్రమైన స్థాయి, టోర్నడో తుడిచిపెట్టింది. 24 మంది చనిపోయారు. మరుసటి ఏడాది, 2014లో, ఆ పట్టణం తన బిల్డింగ్ కోడ్‌ను మార్చుకుంది. గంటకు 135 మైళ్ల గాలిని తట్టుకునేలా కట్టాలన్నారు. అందుకు వాళ్లు పట్టుబట్టినవేంటో చూడండి: కప్పు చెక్కల్ని గోడకు కట్టిపడేసే హరికేన్ క్లిప్పులు, గోడ పొడవునా ఖాళీ లేకుండా స్టడ్లకు బయటి నుంచి కొట్టే ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అంటించి చేసిన పలక) లేదా ప్లైవుడ్ షీతింగ్, దగ్గర దగ్గరగా రింగ్ మేకులు, ఆ గాలికి తగ్గ గరాజ్ తలుపు. ఇవన్నీ అతుకుల గురించే.

కారణం ఇళ్లు పడిపోయే తీరులో ఉంది. చాలాసార్లు ముందు గరాజ్ తలుపు లోపలికి వంగిపోతుంది. గాలి ఇంట్లో దూరి కప్పును కింది నుంచి లేపుతుంది. కప్పు లేస్తే గోడలకు పైన పట్టు ఉండదు, ఒక్కొక్కటే పడిపోతాయి. ఈ వరసలో స్టడ్ మధ్యలో విరగడమన్నది చాలా వెనక వస్తుంది. మేకులతో మాత్రమే అంటిన కప్పు 2×6 గోడ మీది నుంచి కూడా అంతే తేలిగ్గా లేస్తుంది. ఇటుక ముఖం ఉందిగా అంటారు కొందరు. ఆ ఇటుక ఇంటిని మోయడం లేదు, చెక్క గోడే ఇటుకను పట్టుకుని ఉంది.

ఇంకొకటి. తుఫాను గదుల గోడల్ని ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) ప్రమాణాల ప్రకారం పరీక్షించేటప్పుడు 15 పౌండ్ల 2×4 దుంగను గంటకు 100 మైళ్ల వేగంతో విసురుతారు. మామూలు చెక్క గోడ, అది 2×6 అయినా, ఆ దెబ్బను ఆపలేదు. టెక్సస్‌లో బేస్‌మెంట్లు అరుదు. పిల్లలున్న ఇంట్లో గోడ మందానికి పెట్టే డబ్బు ఉంటే, దాన్ని తుఫాను గదికి పెట్టండి అని బతిమాలి చెబుతాను.

"కరెంటు బిల్లు సగమవుతుంది"

వేడిని అడ్డుకునే శక్తికి కొలత ఆర్ విలువ, అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. 2×4 గోడలో ఆర్-13 ఇన్సులేషన్, 2×6లో ఆర్-21 పడతాయి. కానీ గోడలో దాదాపు పావు వంతు చెక్కే, దాని గుండా వేడి సులువుగా నడుస్తుంది. ఆ చెక్కనూ కలిపి లెక్కేస్తే మొదటి గోడ మొత్తంగా ఆర్-12 దగ్గర, రెండోది ఆర్-17 దగ్గర తేలతాయి. అదే 2×4 గోడకు బయట ఆర్-5 ఫోమ్ బోర్డు తొడిగితే అదీ ఆర్-17కే వస్తుంది, ఎందుకంటే బోర్డు చెక్కల్ని కూడా కప్పుతుంది.

ఇప్పుడు డాలస్ ఎండ. బయట 100, లోపల 75 డిగ్రీల ఫారెన్‌హీట్, కిటికీలు తీసేసి 1,500 చదరపు అడుగుల గోడ అనుకోండి. ఆర్-12 నుంచి 17కు వెళితే మిగిలేది గంటకు సుమారు 1,000 బీటీయూ (వేడికి కొలత). ఒక టన్ను ఏసీ గంటకు తోడేసేది 12,000. పడమటి గోడ మీద పడే ఎండకు ఇంకొంచెం కలపండి. అయినా "సగం" దరిదాపుల్లోకి రాదు. సాయంత్రం ఎండ నేరుగా కొట్టే 4×5 అడుగుల పడమటి కిటికీ ఒక్కటే, వేడిని తగ్గించే పూత ఉన్న మంచి లో-ఈ అద్దం పెట్టినా, సుమారు అంత వేడిని లోపలికి తెస్తుంది. ఇక 130 డిగ్రీల్లో మరిగే అటక మీద ఏసీ డక్టులు పరిచి, వాటి అతుకులు కారుతుంటే, గోడ ఎంత మందమైనా ఏం లాభం?

మినియాపొలిస్‌లో సంగతి వేరు. శీతకాలంలో లోపలికీ బయటికీ 80 డిగ్రీల తేడా వచ్చే రోజులుంటాయి, అదే గోడ అక్కడ మూడింతలు ఆదా చేస్తుంది.

"చలి రాష్ట్రాల్లో తప్పనిసరి"

కోడ్ అడిగేది ఇన్సులేషన్‌ను, చెక్క సైజును కాదు. ఇళ్ల ఇంధన పొదుపు కోడ్ అయిన ఐఈసీసీ దేశాన్ని వాతావరణ జోన్లుగా విడదీస్తుంది, అంకె పెరిగేకొద్దీ చలి ఎక్కువ. దాని 2021 ప్రతిలో డాలస్ ఉన్న మూడో జోన్‌కు ఆర్-20, లేదా ఆర్-13తో పాటు బయట ఆర్-5 బోర్డు. నాలుగో జోన్ నుంచి పైకి ఆర్-20 ప్లస్ 5, లేదా ఆర్-13 ప్లస్ 10 వంటి దారులున్నాయి. అంటే ఆ కోడ్ పట్టిక ప్రకారం చలి ప్రాంతంలో ఆర్-21 దూది కుక్కిన ఉత్త 2×6 గోడ సరిపోదు, సరైన బోర్డు తొడిగిన 2×4 సరిపోతుంది. ఏ ఊళ్లో ఏ ఏటి కోడ్ ఏ మార్పులతో నడుస్తోందో అక్కడి పర్మిట్ ఆఫీసులో కనుక్కోండి.

"రీసేల్"

ఇంటి వైశాల్యాన్ని బయటి గోడ అంచు నుంచి కొలుస్తారు. 50×40 అడుగుల ఇంట్లో గోడ రెండంగుళాలు లోపలికి లావెక్కితే అంతస్తుకు 30 చదరపు అడుగుల గది పోతుంది, కాగితం మీద మాత్రం అది మీ వైశాల్యంలోనే ఉంటుంది. లోపల గది తగ్గిన ఇంటికి ధర ఎక్కువ ఎందుకు పలుకుతుందో ఆ మెసేజీ చెప్పదు.

మినెసోటాలో సొంతంగా కట్టిస్తే నేను 2×6నే ఎంచుకుంటాను, బయట ఫోమ్ బోర్డుతో సహా. డాలస్‌లో ఎత్తు గోడలకు తప్ప దాని కోసం పట్టుబట్టను. డ్రైవాల్ కొట్టకముందు ఇల్లు చూపించే రోజున, మీరు పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్‌ని వెంట తీసుకెళ్లి ఇవి చూడండి: ప్రతి ట్రస్‌కూ (కప్పును మోసే చెక్క చట్రం) క్లిప్ ఉందా, గోడను పునాదికి పట్టి ఉంచే యాంకర్ బోల్టులకు వాషర్, నట్టు బిగించారా, షీతింగ్ ఓఎస్‌బీనా లేక మూలల్లో తప్ప అట్టలాంటి సన్నని షీటా, ఇన్సులేషన్ వైర్ల వెనక నలిగి ఖాళీలు మిగిల్చిందా. గరాజ్ తలుపు ఎంత గాలికి తట్టుకుంటుందో దాని మీది చీటీలో ఉంటుంది. ఇల్లు పూర్తయ్యాక బ్లోయర్ డోర్ టెస్టు (ఇంట్లో గాలి ఎంత లీకవుతోందో కొలిచేది), డక్టు లీకేజీ టెస్టు రిపోర్టులు కాగితం మీద అడిగి తీసుకోండి, క్లోజింగ్‌కి ముందే.